ఉన్న చోటును బట్టి జబ్బు ముప్పును, నిపుణ వైద్యానికి గల దూరాన్ని అంచనా వేసుకోవడం ఎలా?

కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మన వయసు, అలవాట్లు, తల్లిదండ్రులకున్న జబ్బులు అడిగి రాసుకుంటారు. ఎక్కడ పుట్టారు, ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు ఉన్నారు, ఏ నీళ్ళు తాగి పెరిగారు అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వస్తాయి. నిజానికి మనం ఉన్న చోటు మన ఆరోగ్యంలోకి రెండు దారుల్లో ప్రవేశిస్తుంది. తాగే నీరు, పీల్చే గాలి, నడిచే నేల, కుట్టే దోమ ద్వారా కొన్ని జబ్బుల ముప్పును పెంచేది, తగ్గించేది ఆ చోటే; జబ్బు వచ్చాక దాన్ని బాగుచేయగల నిపుణుడు గంటలో అందుతాడా, రోజంతా ప్రయాణిస్తే గాని అందడా అన్నది తేల్చేది కూడా అదే. మొదటి దాని గురించి అంతో ఇంతో ఆలోచించేవారు సైతం రెండో దాన్ని ఆపద ముంచుకొచ్చే దాకా పట్టించుకోరు. ఈ రెండు లెక్కలనూ ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే కూర్చుని వేసుకోవాలి. ఒక సాయంత్రం చాలు. ఆ లెక్క వేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మీ స్థల చరిత్ర రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, పుట్టిన చోటు మొదలు ఇప్పటి ఇంటి వరకు ఆరు నెలలకు మించి ఉన్న ప్రతి ఊరి పేరును, అక్కడ గడిపిన సంవత్సరాలతో సహా వరుసగా రాయండి. ప్రతి ఊరి పక్కన నాలుగు విషయాలు చేర్చండి. తాగిన నీరు బావిదా, బోరుదా, చెరువుదా, శుద్ధి చేసి కుళాయిలో వదిలినదా? ఇంట్లో వాళ్ళు చేసిన పని ఏమిటి, చుట్టుపక్కల గనులు గాని కర్మాగారాలు గాని పురుగుమందు చల్లే పొలాలు గాని ఉండేవా? ఆ చోటు కొండ మీదిదా, నది ఒడ్డుదా, చిత్తడి నేలా? చివరగా, అక్కడివాళ్ళు “మా వైపు ఇది మామూలే” అని చెప్పుకునే జబ్బు ఏదైనా ఉందా? ఈ నాలుగో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. పళ్ళ మీద గోధుమరంగు గార, నడివయసులోనే వంగిపోయిన నడుములు, గొంతు ముందు వాపు, ఒకే వీధిలో నలుగురికి మూత్రపిండాల జబ్బు వంటి వాటిని స్థానికులు పరిశోధకుల కంటే ఎంతో ముందే చూసి ఉంటారు. కాకపోతే తరతరాలుగా చూస్తున్నందువల్ల దాన్ని జబ్బుగా కాక ఊరి లక్షణంగా భావిస్తుంటారు.

ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి సంగతి ఇప్పుడెందుకన్న సందేహం రావచ్చు. కొన్ని జబ్బులు దశాబ్దాల తరువాత బయటపడతాయి కాబట్టి ఆ సంగతి కావాలి. ఆస్బెస్టాస్ ధూళి పీల్చినవారికి ఊపిరితిత్తుల పొరలో వచ్చే మెసోథీలియోమా అనే క్యాన్సర్ బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ళు పడుతుంది. కర్మాగారంలో అడుగు కూడా పెట్టకుండా, అక్కడ పనిచేసిన వారి బట్టలు ఇంట్లో ఉతికినవారికి సైతం ఇది వచ్చిన సందర్భాలు ఉన్నాయి. స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు వేడి, తేమ గల ప్రాంతాల మట్టిలో ఉండి, చెప్పులు లేని పాదాల చర్మం గుండా లోపలికి చేరుతుంది. ఆ తరువాత శరీరంలోనే తన సంతతిని పెంచుకుంటూ మనిషికి తెలియకుండానే దశాబ్దాల పాటు నిలిచిపోగలదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో థాయిలాండ్, బర్మాల మధ్య రైలుమార్గం వేయించేందుకు తరలించిన యుద్ధ ఖైదీలలో కొందరికి, వారు స్వదేశాలకు చేరిన 30 ఏళ్ళ తరువాత కూడా ఈ పురుగు ఉన్నట్టు తేలింది. దీని సంగతి తెలియకుండా మరో జబ్బుకు ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు ఇస్తే, అణిగి ఉన్న పురుగు ఒంటినిండా వ్యాపించి ప్రాణం మీదికి తెస్తుంది. పాత ఊరి పేరు ఒక్కటి వైద్యుడి చెవిన పడి ఉంటే, ముందుగా ఒక పరీక్ష చేయించి, మందు ఇచ్చి ఈ ప్రమాదాన్ని తప్పించవచ్చు.

ఊరు మారినప్పుడు ముప్పు మారే తీరు కూడా అన్ని జబ్బులకూ ఒకేలా ఉండదు. మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నాడీ వ్యాధి భూమధ్యరేఖ నుంచి దూరం జరిగే కొద్దీ ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నతనంలో వలస వెళ్ళినవారికి కొత్త చోటి ముప్పు, పెద్దయ్యాక వెళ్ళినవారికి పాత చోటి ముప్పు ఎక్కువగా ఉంటుందని వలసదారుల మీద జరిగిన పలు అధ్యయనాలు సూచించాయి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ వ్యాధికి కారణమైన జన్యువు ఒకప్పుడు మలేరియా ప్రబలిన ప్రాంతాలలో రక్షణనిచ్చి నిలదొక్కుకున్నది. ఆ వంశీకులు మలేరియా లేని ఖండానికి వెళ్ళినా జన్యువు వారి వెంటే వెళుతుంది. అందుకని తల్లిదండ్రులు, తాతలు పుట్టిన చోట్లు కూడా ఆ కాగితంలో ఉండాలి. గడచిన ఏడాదిలో చేసిన ప్రయాణాలను విడిగా రాయండి, ఎందుకంటే వైవాక్స్ రకం మలేరియా పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా ఉండి, ప్రయాణం ముగిసిన ఎన్నో నెలలకు కూడా జ్వరంగా తిరగబెడుతుంది.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. ఇంటి చిరునామా, ముప్పు ఎదురైన చోటు ఒకటే కానక్కర్లేదు. 1854లో లండన్ నగరం సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి ఉన్నాయని గుర్తించాడు. అయితే ఆయన వాదనకు బలం చేకూర్చినవి ఆ గుంపులో ఇమడని రెండు సంగతులు. మైళ్ళ దూరంలోని హాంప్‌స్టెడ్‌లో కలరాతో చనిపోయిన ఒక వృద్ధురాలు ఆ పంపు నీటి రుచి మీద ఇష్టంతో రోజూ బండి మీద సీసా తెప్పించుకునేదని ఆమె కొడుకు చెప్పాడు. పంపుకు దగ్గరలోనే ఉన్న బీరు తయారీ కేంద్రంలోని పనివాళ్ళు ఆ నీటి జోలికి పోలేదు కాబట్టి వారిలో ఎవరికీ తీవ్రమైన కలరా సోకలేదు. మీరు నిద్రపోయే చోటుతో పాటు రోజులో ఎక్కువ గంటలు గడిపే చోటు, అక్కడ తాగే నీరు కూడా నమోదు చేయమని చెప్పేది ఇందుకే.

నీటితో, నేలతో మొదలుపెట్టండి

ఒక ప్రాంతంలోని ముప్పులను చదవడానికి నీరే అన్నింటికన్నా మంచి మొదలు. సూక్ష్మజీవులున్న నీటిని అందరూ అనుమానిస్తారు. రాళ్ళ నుంచి కరిగిన ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఉన్న నీటిని ఎవరూ అనుమానించరు. అది తేటగా, చల్లగా, రుచిగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరు నీటికి ఫ్లోరైడ్ విషయంలో 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ విషయంలో 0.01 మిల్లీగ్రాము. మొదటిది హద్దు మీరి ఏళ్ళ తరబడి లోనికి వెళితే పళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. రెండోది చర్మం మీద మచ్చలతో మొదలై చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు దారితీస్తుంది. కాచి తాగితే సరిపోతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు: కాచినప్పుడు నీరు ఆవిరై తగ్గుతుందే తప్ప ఈ రసాయనాలు పోవు, మిగిలిన నీటిలో వాటి సాంద్రత కొంత పెరుగుతుంది కూడా. కాబట్టి బావి లేదా బోరు నీటిని తప్పనిసరిగా ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. పక్కింటి బోరు ఫలితం మీ బోరుకు వర్తించదు, ఎందుకంటే కొన్ని గజాల ఎడంలో ఉన్న రెండు బోర్లు వేర్వేరు లోతుల్లో వేర్వేరు పొరల నీటిని తోడుతుంటాయి. బోరును మరింత లోతు చేయించినా, కొత్తది వేయించినా పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయించాల్సిందే.

బంగ్లాదేశ్ అనుభవం దీన్ని కళ్ళకు కడుతుంది. చెరువుల నీటి వల్ల వచ్చే అతిసారం నుంచి పిల్లలను కాపాడాలని 1970ల నుంచి అక్కడ లక్షలాది చేతిపంపు బోర్లు వేశారు. ఉద్దేశం గొప్పది. కానీ ఆ లోతులోని నీటిలో ఆర్సెనిక్ ఉందని 1990లలో తేలింది. తరువాత పంపులను ఒక్కొక్కటిగా పరీక్షించి, తాగదగిన వాటికి ఆకుపచ్చ రంగు, తాగకూడని వాటికి ఎరుపు రంగు పూశారు. ఒకే పల్లెలో ఆ రెండు రంగులూ పక్కపక్కనే కనిపించాయి. నీటి వనరును మార్చిన ప్రతిసారీ ఒక ముప్పు పోయి దాని స్థానంలో మరొకటి వచ్చిందేమోనని చూసుకోవాలి.

కొన్ని చోట్ల ముప్పు ఉన్నదాని వల్ల కాక లేనిదాని వల్ల వస్తుంది. మంచుపలకలు, వరదలు, వానలు నేలలోని అయోడిన్‌ను కడిగివేసిన ఆల్ప్స్, హిమాలయాల వంటి పర్వత ప్రాంతాలలో థైరాయిడ్ గ్రంథి వాచి గొంతు ఉబ్బడం, పిల్లలలో బుద్ధిమాంద్యం తరతరాలుగా కనిపించేవి. స్విట్జర్లాండ్ 1922లో అయోడిన్ కలిపిన ఉప్పును ప్రవేశపెట్టాక అక్కడ ఆ జబ్బు క్రమంగా కనుమరుగైంది. కొండ ప్రాంతంలో ఉంటూ, గర్భం ధరించాలనుకునే స్త్రీలు వాడే ఉప్పు అయోడిన్ కలిపినదో కాదో చూసుకోవడం అన్నింటికన్నా చౌకైన, అన్నింటికన్నా ఫలితమిచ్చే పని.

నేల విషయంలో నన్ను ఎక్కువగా కదిలించే ఉదాహరణ పోడోకోనియోసిస్. ఇథియోపియా, కామెరూన్, రువాండా వంటి దేశాల ఎత్తైన ప్రాంతాలలో, అగ్నిపర్వతాల రాతి నుంచి ఏర్పడిన ఎర్రమట్టిలో వట్టి కాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసే రైతులకు కాళ్ళు వాచిపోయే జబ్బు ఇది. చూడడానికి అచ్చం బోదకాలులాగే ఉంటుంది, కానీ దీనికి దోమ గాని పురుగు గాని కారణం కాదు. మట్టిలోని సూక్ష్మ ఖనిజ కణాలు చర్మం గుండా దూరడమే కారణం. బోదకాలు మందు దీనికి పనిచేయదు. చెప్పులు, కాళ్ళను సబ్బుతో శుభ్రంగా కడుక్కోవడం పనిచేస్తాయి. ఒకేలా కనిపించే రెండు జబ్బులలో ఏది ఇదన్నది తేల్చడానికి రోగి ఊరి ఎత్తు, మట్టి రంగు సాక్ష్యాలుగా నిలిచాయి.

ఎత్తు, దోమ, గాలి

సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నారో తెలుసుకోవడం సులభం, ఫోన్‌లోనే చూడవచ్చు. దాదాపు 2,500 మీటర్లు దాటిన చోట్లకు అలవాటు లేకుండా వేగంగా చేరితే ఎత్తు వల్ల వచ్చే అనారోగ్యం కలుగుతుంది; అలాంటి చోట నివసించే గర్భిణులకు తక్కువ బరువున్న శిశువులు పుట్టడం ఎక్కువ. మలేరియా మాత్రం ఎత్తుకు పోయే కొద్దీ తగ్గుతుంది, ఎందుకంటే చలిలో దోమ లోపలి పరాన్నజీవి ఎదగలేదు. అయితే వేడి ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో మలేరియా పై ఎత్తులకు ఎగబాకిందని ఇథియోపియా, కొలంబియా దేశాల కొండప్రాంతాల రికార్డుల నుంచి పరిశోధకులు చూపారు. “మా కొండ మీద మలేరియా రాదు” అన్న పెద్దల మాట వారి కాలానికి నిజమే కావచ్చు, ఇప్పటి పరిస్థితిని మళ్ళీ విచారించుకోవాలి.

డెంగీని మోసే ఈడిస్ దోమ ఇంటి చుట్టూ నిలిచిన మంచినీటిలో గుడ్లు పెట్టి, సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి ఎగరదు. దాని విషయంలో జిల్లా పటం కంటే మీ వీధి, మీ మేడ మీది తొట్టి ముఖ్యం. గ్రానైట్ వంటి రాళ్ళున్న నేలల నుంచి వెలువడే రేడాన్ అనే వాయువు నేలమాళిగలలో, తలుపులు బిగించుకుని ఉండే ఇళ్ళలో పేరుకుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తరువాత ప్రధాన కారణాలలో అదొకటి. చలి ప్రదేశాలలో ఉండేవారు చిన్న పరికరంతో దాన్ని కొలిపించుకోవచ్చు.

జబ్బుల పటాలను నమ్మే ముందు

ప్రాంతాలకు రంగులు వేసి ఏ జబ్బు ఎక్కడ ఎక్కువో చూపే పటాలు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి. అవి ఉపయోగకరమైనవే. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు పిల్లల దవడలలో వచ్చే ఒక వింత కణితిని 1958లో వర్ణించి, 1961లో వేల మైళ్ళు వాహనంలో తిరిగి అది ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని ఆసుపత్రులలో విచారించాడు. వేడి, వానలు ఒక స్థాయికి తగ్గిన చోట ఆ కణితి కనిపించలేదు. అంటే దాదాపుగా మలేరియా హద్దులే దానికీ హద్దులు. ఆ కణితి నుంచే 1964లో, దానికి కారణాలలో ఒకటైన ఎప్‌స్టీన్–బార్ వైరస్ బయటపడింది. ఒక పటం ఒక కారణానికి దారి చూపిన అరుదైన సందర్భమిది.

పటం మనకు అనుమానాన్ని ఇస్తుంది, కారణాన్ని ఇవ్వదు. డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న కొన్ని బాల్కన్ పల్లెలలో మూత్రపిండాల జబ్బు ప్రబలడాన్ని 1950లలో గుర్తించాక, నీటిని, లోహాలను, బూజును, వైరస్‌ను ఒక్కొక్కటిగా అనుమానిస్తూ దశాబ్దాలు గడిచాయి. చివరికి గోధుమ చేలలో కలుపుగా పెరిగిన అరిస్టలోకియా మొక్క గింజలు పిండిలో కలవడమే కారణమని తేలింది. మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఉద్దానంలో కనిపిస్తున్న మూత్రపిండాల జబ్బుకు ఎండలో చాకిరి, నీరు, పురుగుమందులు అంటూ అనేక కారణాల మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది. అలాంటి ప్రాంతం నుంచి వచ్చినవారు కారణం తేలేదాకా ఆగనక్కర్లేదు: ఏటా మూత్రపిండాల పనితీరును చూపే రక్తంలోని క్రియాటినిన్‌ను, మూత్రంలోని ప్రోటీన్‌ను పరీక్షించుకోవచ్చు, వైద్యుడిని అడగకుండా నొప్పి మాత్రలు మింగడం మానుకోవచ్చు.

పటం చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ ప్రాంతంలో జనాభా ఎంత? జనాభా బాగా తక్కువైన చోట ఒకరిద్దరికి జబ్బు వస్తే రేటు ఆకాశానికి చేరుతుంది, ఎవరికీ రాకపోతే సున్నా అవుతుంది. అందుకే ముదురు రంగు చోట్లు, లేత రంగు చోట్లు రెండూ తరచు పలుచని జనాభా గల ప్రాంతాలే అవుతాయి. వయసుల తేడాను సరిచేశారా? వృద్ధులు ఎక్కువగా ఉన్న చోట క్యాన్సర్ ఎక్కువగా కనబడడంలో వింత లేదు. మూడోది అన్నింటికన్నా ముఖ్యం: అక్కడ జబ్బు ఎక్కువా, లేక జబ్బును వెతికేవాళ్ళు ఎక్కువా? దక్షిణ కొరియాలో 1999 తరువాత, లక్షణాలు లేనివారిలో కూడా క్యాన్సర్‌ను వెతికే స్క్రీనింగ్ పరీక్షలు విస్తరించి, దానితో పాటే థైరాయిడ్‌కు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకోవడం మామూలైపోయింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది, ఆ క్యాన్సర్ మరణాలు మాత్రం పెరగనూ లేదు, తగ్గనూ లేదు. దీనికి తిరగేసిన చిత్రం నిపుణులు లేని ప్రాంతాలలో ఉంటుంది. అక్కడ మూర్ఛ, గుండె కవాటాల జబ్బు, కీళ్ళవాతం పేరు పెట్టబడకుండానే ఉండిపోతాయి, పటం మీద ఆ ప్రాంతం ఆరోగ్యంగా కనిపిస్తుంది. మీ ప్రాంతం లేత రంగులో ఉంటే సంతోషించే ముందు, ఆ జబ్బును కనిపెట్టగల వైద్యుడు మీకు ఎంత దూరంలో ఉన్నాడో చూడండి.

దూరాన్ని గంటల్లో కొలవండి

ఇక రెండో లెక్క. కిలోమీటర్లు దాదాపు ఏమీ చెప్పవు. ప్రసవ సమయపు మరణాలను అధ్యయనం చేసినవారు 1994లో ఆలస్యాన్ని మూడుగా విడదీసి చూపారు: వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. మీ అంచనాలో ఈ మూడూ ఉండాలి. వాహనం ఇంటికి రావడానికి ఎంతసేపు, అర్ధరాత్రి ఎంతసేపు, వాగు పొంగినప్పుడు ఏ దారి, ఆసుపత్రిలో ఆ నిపుణుడు రోజూ ఉంటాడా, వారానికి ఒక పూటే వస్తాడా అని విడివిడిగా రాయండి. 2015లో శస్త్రచికిత్సల అందుబాటుపై లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పరచిన కమిషన్ సిజేరియన్, కడుపు కోసి చేసే అత్యవసర ఆపరేషన్, విరిగి చర్మం చీల్చుకు వచ్చిన ఎముకకు చికిత్స, ఈ మూడూ చేయగల ఆసుపత్రి రెండు గంటల్లో అందాలని కొలమానం పెట్టింది. దూరం, ఖర్చు, భద్రత అన్నీ కలిపి చూస్తే ప్రపంచంలో 500 కోట్ల మందికి సరైన శస్త్రచికిత్స అందుబాటులో లేదని లెక్కగట్టింది. ఆ రెండు గంటల గీతకు మీరు ఇవతల ఉన్నారో అవతల ఉన్నారో తెలుసుకోవడంతో మొదలుపెట్టండి.

తరువాత జబ్బులను మూడు రకాలుగా విడదీయండి. మొదటివి గడియారంతో పోటీపడేవి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోతే గడ్డను బయటికి లాగే చికిత్సను సాధారణంగా 6 గంటలలో, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు చేయవచ్చు. గడియారం మనం ఆసుపత్రికి బయలుదేరినప్పుడు కాదు, మనిషి ఆఖరుసారి మామూలుగా కనిపించినప్పుడే మొదలవుతుంది, కాబట్టి ఆ సమయాన్ని గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఏ మందు ఇవ్వాలన్నా ముందు సీటీ స్కాన్ తీయాలి. రాత్రిపూట స్కాన్ తీయని దగ్గరి ఆసుపత్రిలో రెండు గంటలు గడిపి పెద్ద ఆసుపత్రికి పంపించుకోవడం కంటే, స్కాన్ ఉన్న చోటికి నేరుగా పోవడం మేలు. అది ఏదో ముందే విచారించి ఉంచుకోండి. గుండెపోటు లెక్క కొంచెం వేరు. నిర్ధారణ అయినప్పటి నుంచి 120 నిమిషాల్లో రక్తనాళాన్ని తెరిచే చికిత్స చేయగల చోటికి చేరలేమనుకుంటే, దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డ కరిగించే మందు ఇప్పించుకుని తరువాత పెద్ద ఆసుపత్రికి పోవడం సరైన పద్ధతి. కాబట్టి దూరంగా ఉన్నవారు ఆ మందు ఏ చిన్న ఆసుపత్రిలో ఉంటుందో కనుక్కోవాలి. ఛాతీ నొప్పితో సొంత వాహనంలో నాలుగు గంటలు ప్రయాణించే నిర్ణయం నాకు అన్నింటికన్నా ఎక్కువ భయం కలిగిస్తుంది.

రెండో రకం పదేపదే వెళ్ళాల్సినవి. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. రేడియేషన్ చికిత్స అంటే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు. ఇక్కడ దూరం చికిత్సనే మార్చివేస్తుంది: రేడియేషన్ కేంద్రానికి దూరంగా ఉండే స్త్రీలు రొమ్ము క్యాన్సర్‌కు కణితిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చే పద్ధతికి బదులు రొమ్మును పూర్తిగా తీయించుకోవడం ఎక్కువని పలు దేశాలలో గమనించారు. ఎవరి నిర్ణయమైనా వారి ఇష్టంతో జరగాలే గాని బస్సు ప్రయాణానికి భయపడి జరగకూడదు. కాబట్టి వైద్యుడిని సూటిగా అడగండి: “ఇదే ఫలితం తక్కువ రాకపోకలతో వచ్చే పద్ధతి ఉందా?” చాలాసార్లు ఉంటుంది. తక్కువ రోజుల్లో పూర్తయ్యే రేడియేషన్ పద్ధతులు, కడుపులోని పొర ద్వారా రక్తాన్ని శుద్ధి చేస్తూ ఇంటి దగ్గరే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ అలాంటివి. కానీ రోగి ఎంత దూరం నుంచి వస్తున్నాడో వైద్యుడికి తెలియకపోతే ఆ ప్రస్తావనే రాదు.

మూడో రకం అరుదైనవి, క్లిష్టమైనవి. క్లోమం, అన్నవాహిక వంటి అవయవాల మీద చేసే పెద్ద ఆపరేషన్లలో, ఏటా అలాంటివి ఎక్కువ సంఖ్యలో చేసే ఆసుపత్రులలో మరణాలు తక్కువని ఎన్నో పరిశోధనలు చూపాయి. ఇక్కడ దగ్గరితనం గుణం కాదు. “ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?” అని అడగడం మర్యాద తప్పడం కాదు. ఆపరేషన్‌కు దూరం వెళ్ళి, కుట్లు విప్పడం, పరీక్షలు, మందుల సవరణ దగ్గరి వైద్యుడి చేత చేయించుకునేలా ఒప్పందం చేసుకోవచ్చు.

దూరాన్ని తగ్గించుకునే పనులు

దూరం ఉన్నవారు ఆసుపత్రికి తక్కువగా వెళతారని 19వ శతాబ్దంలోనే మసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ జార్విస్ మానసిక చికిత్సాలయాల లెక్కలు చూసి గుర్తించాడు. వైద్యం అవసరం ఎక్కువగా ఉన్న చోటే అది తక్కువగా దొరుకుతుందని బ్రిటన్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో చెప్పిన మాట నేటికీ చెల్లుతూనే ఉంది. ఇది వ్యక్తులు ఒంటరిగా సరిచేయగల అన్యాయం కాదు. అయినా ప్రతి ప్రయాణం నుంచి ఎక్కువ ఫలితం రాబట్టుకునే వీలు మన చేతుల్లో కొంత ఉంది.

నిపుణుడి దగ్గరికి బయలుదేరే ముందు ఫోన్ చేసి ఏ పరీక్షలు మీ ఊళ్ళోనే చేయించి తీసుకురావచ్చో అడగండి. స్కాన్ల నివేదికతో పాటు అసలు చిత్రాలను డిస్కులో గాని ఫోన్‌లో గాని తీసుకెళ్ళండి, ఎందుకంటే నిపుణుడు చిత్రాన్నే చూడాలనుకుంటాడు. వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు ఒకే పేజీలో రాసుకోండి. తిరిగి వచ్చేముందు మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఏ లక్షణం కనిపిస్తే దగ్గరి ఆసుపత్రికి పోవాలి, ఏది కనిపిస్తే నేరుగా ఇక్కడికే రావాలి, తరువాతి పరీక్ష ఏ తేదీన. తేదీ లేని “మళ్ళీ రండి” దూరపు రోగి విషయంలో దాదాపు ఎప్పుడూ వాయిదాగానే మిగులుతుంది.

వీడియో ద్వారా సంప్రదింపు నివేదికలు చూపించడానికి, మందుల మోతాదు మార్చడానికి, మానసిక చికిత్సకు బాగా ఉపయోగపడుతుంది. కొత్తగా వచ్చిన గడ్డ, కడుపునొప్పి, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం వంటివి చేత్తో తడిమి, స్టెతస్కోప్‌తో విని చూడాల్సినవి. వాటికి తెర చాలదు. నిపుణుడు రోగితో కాక రోగి దగ్గరి వైద్యుడితో మాట్లాడడం ఇంకా మేలైన పద్ధతి. అమెరికాలోని న్యూ మెక్సికోలో 2003లో మొదలైన ప్రాజెక్ట్ ఎకోలో విశ్వవిద్యాలయ నిపుణులు వీడియో ద్వారా పల్లె వైద్యులకు వారం వారం హెపటైటిస్ సి కేసుల మీద సలహాలిచ్చారు; 2011లో ప్రచురితమైన ఫలితాలలో పల్లె కేంద్రాలలో నయమైనవారి శాతం విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో నయమైనవారి శాతానికి దాదాపు సమానంగా ఉంది. మీ దగ్గరి వైద్యుడిని “మీరు నిపుణుడితో ఒకసారి మాట్లాడి చూస్తారా?” అని అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ప్రమాదకరమైన గర్భం వంటి, ముందే తెలిసిన ఆపదలలో నెలలు నిండే వేళకు ఆసుపత్రికి దగ్గరగా మకాం మార్చడమే అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి. చాలా దేశాలలో ఇందుకోసమే ప్రసవం దాకా ఉండే వసతి గృహాలు నడుపుతున్నారు. మీకు దగ్గరలో ఉందేమో ఏడో నెలలోపే కనుక్కోండి.

స్థల చరిత్ర కాగితాన్ని, గంటల లెక్క కాగితాన్ని ఒకచోట కుట్టి, ఫోటో తీసి ఇంట్లో పెద్దలందరి ఫోన్లలో ఉంచండి. ఇల్లు మారినా, నీటి వనరు మారినా, ఇంట్లో ఎవరికైనా కొత్త జబ్బు నిర్ధారణ అయినా, దగ్గరి ఆసుపత్రిలో స్కాన్ గాని నిపుణుడి రాక గాని ఆగిపోయినా, అదే వారంలో వాటిని మళ్ళీ రాయండి.